గిటార్ పికప్స్‌లో అయస్కాంతం ఎప్పుడు దిగుతుంది, ఎప్పుడు దిగదు

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ దగ్గర పదిహేనేళ్ల నాటి గిటార్ ఉంది, మూడు సింగిల్ కాయిల్ పికప్స్, అంటే తీగల కింద ఉండి వాటి కదలికను కరెంటుగా మార్చే, ఒక్కో కాయిల్ ఉన్న భాగాలు. ఎప్పుడూ ఆంప్‌కి (సౌండ్ పెంచే యాంప్లిఫయర్‌కి) ఆనించే పెడతారు. ఈ మధ్య సౌండ్ నీరసపడింది. తెలిసినవాళ్లొకరు "పికప్స్‌లో అయస్కాంతం దిగిపోయింది, వాయించనప్పుడు వాటి మీద ఇనుప పట్టీ పెట్టు, రెండు మూడేళ్లకోసారి రీఛార్జ్ చేయించు" అన్నారు. అది నిజమేనా, విప్పి డబ్బాలో దాచిన పాత పికప్స్‌ని ఎలా కాపాడుకోవాలి అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. గిటార్‌లో బిగించి ఉన్న పికప్స్ కోసం మీరు ప్రత్యేకంగా ఏమీ చేయనక్కర్లేదు. ఇనుప పట్టీ అక్కర్లేదు, రీఛార్జ్ అక్కర్లేదు, ఆంప్‌కి దూరంగా పెట్టాల్సిన పనీ లేదు. వాయించడం వల్లా, వయసు వల్లా మీకు వినిపించేంత అయస్కాంతత్వం పోదు. అది పోయేది దాదాపు ఎప్పుడూ పికప్‌ని విప్పి బల్ల మీద పెట్టినప్పుడే, అదీ ఇంకో అయస్కాంతం వల్లే. కాబట్టి మీరు జాగ్రత్త పడాల్సింది ఆ డబ్బాలో ఉన్నవాటి గురించి. ఇక మీ గిటార్ సౌండ్ తగ్గడానికి కారణం వేరే అయ్యుంటుందని నా నమ్మకం. దాని సంగతి కింద రాశాను.

నేను పికప్స్ రిపేరు చేస్తూ, కాయిల్స్ మళ్లీ చుడుతూ చాలా ఏళ్లు గడిపాను. "మాగ్నెట్ పోయింది" అంటూ నా బల్ల మీదికి వచ్చినవాటిలో నిజంగా మాగ్నెట్ పోయినవి చాలా కొద్ది.

పికప్‌లోని అయస్కాంతం (మీ సింగిల్ కాయిల్స్‌లో తీగకొకటి చొప్పున ఆరు కడ్డీలు) బ్యాటరీలాంటిది కాదు. అది పైనున్న స్టీలు తీగను చిన్న అయస్కాంతంగా మారుస్తుంది, అంతే. తీగ ఊగినప్పుడు కాయిల్ గుండా పోయే అయస్కాంత క్షేత్రం మారుతుంది, దాంతో కాయిల్‌లో వోల్టేజ్ పుడుతుంది. ఆ శక్తి వచ్చేది మీ వేళ్ల నుంచి. రోజూ నాలుగు గంటలు వాయించిన గిటార్‌కీ, పదేళ్లు కేసులో పడుకున్న గిటార్‌కీ ఈ విషయంలో తేడా లేదు.

మరి ఈ భయం ఎక్కడిది? నాకు తోచిన కారణం, తొలి రోజుల్లో అది నిజం కావడమే. 1932లో అమ్మకానికి వచ్చిన రికెన్‌బాకర్ 'ఫ్రైయింగ్ పాన్' లాంటి గిటార్లలో గుర్రపునాడా ఆకారపు ఉక్కు అయస్కాంతాలు ఉండేవి. ఉక్కు తన అయస్కాంతత్వాన్ని గట్టిగా పట్టుకోలేదు, కాలంతో పాటు బలం తగ్గుతుంది. ఆ తరం పికప్స్‌ని ఇప్పుడు రీఛార్జ్ చేయిస్తే తేడా బాగా తెలుస్తుంది. తర్వాత అల్నికో వచ్చింది. అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ ఇనుముతో కలిసిన మిశ్రలోహం అది. దానికి దారి తీసింది 1931లో జపాన్‌లో తోకుషిచి మిషిమా కనిపెట్టిన ఉక్కు. అల్నికోతో ఆట మారిపోయింది. కానీ పాత సలహా మాత్రం నోటి నుంచి నోటికి ఇప్పటికీ తిరుగుతోంది.

అల్నికో ఎంత నిలకడైనదో అంకెల్లో చెప్తాను. లక్ష గంటల్లో, అంటే దాదాపు పదకొండున్నర ఏళ్లలో, దాని క్షేత్రం తగ్గేది 3 శాతం లోపే. పికప్ వోల్టేజ్ కూడా సుమారు అదే దామాషాలో తగ్గుతుందనుకుంటే, 3 శాతం అంటే పావు డెసిబెల్. 10 శాతం తగ్గినా ఒక డెసిబెల్ నిండదు. మన చెవి పట్టుకోగల కనీస తేడా కూడా ఇంచుమించు ఒక డెసిబెలే. పికప్ ఎత్తు స్క్రూని ఒక చుట్టు తిప్పితే వచ్చే మార్పు దీనికంటే ఎక్కువ.

ఇక వేడి. అల్నికో అయస్కాంతత్వాన్ని పూర్తిగా కోల్పోవాలంటే 800 డిగ్రీలు దాటాలి. సోల్డరింగ్ ఐరన్ మొన 350, 400 దగ్గర ఉంటుంది, అదీ ఒక్క చుక్క మీద రెండు క్షణాలు. ఎండలో కారు డిక్కీలో వదిలేసినా అయస్కాంతానికి ఏమీ కాదు. కాయిల్‌లోని మైనం, గిటార్ చెక్క, జిగురు మాత్రం పాడవుతాయి. విమానాశ్రయం ఎక్స్‌రే వల్ల ఏమీ కాదు. కింద పడితే, ఆ దెబ్బకి అయస్కాంతత్వం పోతుందనే దానికంటే అల్నికో ముక్కే విరుగుతుందేమో అని భయపడాలి, అది పెళుసు లోహం. ఆంప్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి పికప్‌లోకి హమ్ అనే గుయ్‌మనే శబ్దం వస్తుంది, నిజమే. కానీ అంత దూరంలో ఆ క్షేత్రం అయస్కాంతాన్ని కదిలించేంత బలమైనది కాదు. స్పీకర్ మాగ్నెట్టూ అంతే, అది కోన్ వెనకాల, పెట్టె లోపల ఎక్కడో ఉంటుంది. గిటార్‌ని ఆంప్‌కి ఆనిస్తే జారి పడి మెడ విరుగుతుందని వద్దంటాను, పికప్స్ కోసమైతే కాదు.

మరి అల్నికోని నిజంగా దెబ్బతీసేది ఏది? దాని కంటే మొండిదైన మరో అయస్కాంతం.

అల్నికో 5 (అల్నికోలో ఒక రకం) చాలా బలమైన అయస్కాంతమే, కానీ ఎదురొచ్చిన క్షేత్రానికి తొందరగా లొంగిపోతుంది. దాన్ని పూర్తిగా వంచడానికి ఎంత ఎదురు క్షేత్రం కావాలో కొలిచే లెక్క ఒకటుంది, కోయెర్సివిటీ అంటారు. అల్నికో 5కి అది సుమారు 640 ఓర్‌స్టెడ్ (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే యూనిట్). హంబకర్లలో (రెండు కాయిల్స్ ఉన్న పికప్స్‌లో) వాడే నల్లటి సిరామిక్ మాగ్నెట్‌కి 2,000 పైనే, నియోడిమియంకి 10,000 పైనే. పూర్తిగా వంచడం దాకా వెళ్లకపోయినా, అందులో కొంత భాగం ఎదురు క్షేత్రం తగిలినా అల్నికో కొంత బలం కోల్పోతుంది. ఆ క్షేత్రం తీసేశాక పోయిన బలం తిరిగి రాదు. అందుకే అల్నికోని నియోడిమియం పక్కన పడేస్తే నష్టపోయేది ఎప్పుడూ అల్నికోనే.

ఒకసారి ఒకాయన సింగిల్ కాయిల్ సెట్ పట్టుకొచ్చారు. "తీసినప్పుడు బాగానే ఉన్నాయి, రెండేళ్ల తర్వాత మళ్లీ బిగిస్తే మధ్య రెండు తీగలు వినిపించడం లేదు" అన్నారు. ఆ రెండేళ్లూ ఎక్కడ ఉంచారని అడిగితే, స్క్రూలు చెదిరిపోకుండా పెట్టుకునే మాగ్నెట్ ట్రేలో అన్నారు. అయస్కాంత బలం కొలిచే గాస్ మీటర్ పెట్టి చూస్తే చివరి కడ్డీలు 900 గాస్ పైన చూపించాయి, మధ్యవి 400 కూడా లేవు. ట్రే అడుగున ఉన్న గుండ్రటి మాగ్నెట్ సరిగ్గా ఆ రెండు కడ్డీల కిందికి వచ్చిందన్నమాట. కాయిల్ నిక్షేపంగా ఉంది. మళ్లీ ఛార్జ్ చేసి ఇచ్చాను, ఇప్పటికీ వాయిస్తున్నారు.

ఈ రకం ప్రమాదాలు రోజువారీ వస్తువుల్లోనే పొంచి ఉంటాయి. మాగ్నెట్ ట్రే, పనిముట్లు తగిలించే గోడ మీది మాగ్నెట్ పట్టీ, మాగ్నెట్‌తో మూసుకునే ఫోన్ కవరు, వెనక మాగ్నెట్ వలయం ఉన్న ఫోన్లు, ఛార్జర్లు. ఇవి గిటార్ పక్కన ఉంటే ఫరవాలేదు. పికప్ కడ్డీల మీద నేరుగా పెట్టకండి. దూరం పెరిగేకొద్దీ క్షేత్రం చాలా వేగంగా పడిపోతుంది. తాకితే ప్రమాదం, జానెడు దూరంలో ఏమీ లేదు.

రెండో శత్రువు క్షణక్షణం దిశ మార్చుకునే క్షేత్రం. టేప్ రికార్డర్ హెడ్స్ శుభ్రం చేసే డీమాగ్నెటైజర్ చేసే పనే అది, దాన్ని పికప్స్ దరిదాపులకి రానివ్వకండి. పిస్టల్ ఆకారంలో, ట్రిగ్గర్ నొక్కితే వేడెక్కే ట్రాన్స్‌ఫార్మర్ సోల్డరింగ్ గన్ కూడా ఇదే కోవలోది. దాని మొనలో వోల్టేజ్ చాలా తక్కువ, కరెంటు మాత్రం వంద ఆంపియర్లు దాటుతుంది, ఆ వంపు చుట్టూ ఆల్టర్నేటింగ్ క్షేత్రం పుడుతుంది. ఈ పని నేర్చుకునే రోజుల్లో అలాంటి గన్‌తో ఒక పికప్ వైర్లు అతికించాను. తర్వాత కొలిస్తే వైర్ల పక్కనున్న కడ్డీ మిగతా ఐదింటికంటే తక్కువ చూపించింది. అది ఇంకొకరి పికప్. యజమానికి విషయం చెప్పి, నా ఖర్చుతో సరిచేయించి ఇచ్చాను. ఆ రోజు నుంచి పికప్ పనికి మామూలు సోల్డరింగ్ ఐరనే వాడుతున్నాను, మీరూ అదే వాడండి.

హంబకర్ల సంగతి కొంచెం వేరు. వాటిలో ఆరు కడ్డీలుండవు, కింద ఒకటే పట్టీ మాగ్నెట్ ఉంటుంది, దానికి ఒక పక్క స్క్రూలు, మరో పక్క స్లగ్‌లనే ఉక్కు ముక్కలు ఆనుకుని ఉంటాయి. గిటార్ల కంపెనీ గిబ్సన్ కోసం సేథ్ లవర్ 1955లో పేటెంట్‌కి దరఖాస్తు చేసిన నమూనా ఇదే. అల్నికో పట్టీకి ఆ ఉక్కు తోడుగా ఉన్నంతసేపూ హాయిగా ఉంటుంది. మాగ్నెట్ మార్చడానికి బయటికి లాగినప్పుడే జాగ్రత్త కావాలి. చాలామంది కొత్త సిరామిక్ పట్టీని, పాత అల్నికో పట్టీని ఒకే చేతిలో పట్టుకుంటారు, ఒకదాని మీద ఒకటి జరుపుతారు, రెండూ వికర్షించుకుంటుంటే బలవంతంగా అదిమి ఒకే కవర్లో పెడతారు. అల్నికో పాడవడానికి అంతకంటే దగ్గరి దారి లేదు. రెండు అయస్కాంతాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటుంటే బలవంతాన కలపకండి. ఆకర్షించుకునే దిశలో అతుక్కుంటే సరే, అది వాటికి మేలే.

మీ డబ్బాలోని పికప్స్‌కి ఇలా చేయండి. ఒక్కొక్కదాన్ని గుడ్డలోనో బబుల్ కవర్లోనో చుట్టి, ఒకదానికొకటి నాలుగు వేళ్ల దూరం ఉండేలా పెట్టండి. చోటు చాలకపోతే ఒకదాని పైభాగం మరొకదాని అడుగుభాగానికి ఎదురుగా, ఆకర్షించుకునే దిశలో పెట్టండి. ముఖాముఖీ మాత్రం వద్దు. ఒకే ధ్రువం పైకి ఉన్న రెండు పికప్స్‌ని ముఖాముఖీ పెడితే పన్నెండు కడ్డీలూ ఒకదాన్నొకటి నెట్టుకుంటూనే ఉంటాయి. విడి అల్నికో పట్టీలైతే జంటలుగా, ఒకదాని ఉత్తర ధ్రువం పక్కన మరొకదాని దక్షిణ ధ్రువం వచ్చేలా అతికించి ఉంచండి. సిరామిక్, నియోడిమియం అసలు ఆ డబ్బాలోనే ఉండకూడదు.

నిజానికి దాచిన పికప్స్‌కి అయస్కాంతం కంటే పెద్ద గండం తేమ. పాత పద్ధతి సింగిల్ కాయిల్స్‌లో వెంట్రుకంత సన్నటి రాగి తీగను, 42 గేజ్ అంటే ఎనామెల్ పూత లేకుండా 0.063 మిల్లీమీటర్లు, కడ్డీల మీదే నేరుగా చుడతారు, మధ్యలో లక్క పూత మాత్రమే. కడ్డీ తుప్పు పడితే ఆ తుప్పు తీగని తినేస్తుంది. నా దగ్గరికి వచ్చిన చచ్చిన పికప్స్‌లో ఎక్కువ భాగం ఇవే. డబ్బాలో సిలికా జెల్ పొట్లం ఒకటి వేయండి. ఫ్రెట్స్‌ని (గిటార్ మెడ మీది లోహపు అడ్డగీతల్ని) స్టీల్ ఊల్‌తో రుద్దేటప్పుడు పికప్స్ మీద టేపు అతికించండి, ఆ ఇనుప పొడి కడ్డీలకి అతుక్కుని తుప్పు పట్టి లోపలికి దిగుతుంది. ఇంకొకటి, ఇలాంటి పికప్‌లో కడ్డీ ఎత్తు సరిచేద్దామని దాన్ని వేలితోనో సుత్తితోనో నెట్టకండి. లోపలి మొదటి చుట్టు తెగిపోతుంది, మళ్లీ మొత్తం చుట్టాల్సిందే.

ఇప్పుడు ఆ ఇనుప పట్టీ సలహా. అయస్కాంతానికి కీపర్ పెట్టడం అనే ఆలోచన మంచిదే, కానీ కీపర్ ఉత్తర ధ్రువాన్ని దక్షిణ ధ్రువంతో కలపాలి, అప్పుడే క్షేత్రం లోపలే చుట్టి వస్తుంది. గుర్రపునాడా అయస్కాంతం రెండు కాళ్ల మధ్య పెట్టే ఇనుప ముక్క చేసేది అదే. మీ పికప్‌లో ఆరు కడ్డీల పైభాగాలూ ఒకే ధ్రువం. వాటి మీద పట్టీ పెడితే ఒకే జాతి ధ్రువాల్ని కలిపినట్టు అవుతుంది, రెండో ధ్రువం కిందే ఉండిపోతుంది. ప్రయోజనం లేదు, పైగా తీసేటప్పుడు కవరు మీద గీతలు పడతాయి. అది మానేయండి.

మరి మీ గిటార్ సౌండ్ ఎందుకు నీరసపడింది? ఈ వరసలో చూడండి. ముందు కొత్త తీగలు వేసి, వేరే కేబుల్ పెట్టి, వీలైతే వేరే ఆంప్‌లో వినండి. చాలా కథలు ఇక్కడే ముగుస్తాయి. తర్వాత వోల్యూమ్, టోన్ నాబ్‌లు పూర్తిగా తిప్పి, కరకరమని శబ్దం వస్తోందా, ఏదో ఒకచోట సౌండ్ ఆగి మళ్లీ వస్తోందా వినండి. మూడు పికప్స్ ఒకేసారి తగ్గితే అది మాగ్నెట్ కానే కాదు. మూడు పికప్స్‌లో పద్దెనిమిది కడ్డీలు కలిసి ఒకేసారి బలహీనపడవు. మూడింటికీ ఉమ్మడిగా ఉండేవి వోల్యూమ్ పాట్ (నాబ్ కింద ఉండే భాగం), జాక్ (కేబుల్ గుచ్చే చోటు), వాటి సోల్డర్ అతుకులు. ఒకతను మూడు మాగ్నెట్లూ రీఛార్జ్ చేయమని గిటార్ ఇచ్చి వెళ్లాడు. విప్పి చూస్తే జాక్ దగ్గర అతుకు పైకి మెరుస్తూనే ఉంది, లోపల పట్టలేదు. ఐదు నిమిషాల్లో సరిపోయింది.

ఒక్క పికప్పే తగ్గితే మల్టీమీటర్‌తో కాయిల్ రెసిస్టెన్స్ చూడండి. మామూలు స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్) తరహా పికప్ 5.5 నుంచి 6.5 కిలో ఓమ్‌ల మధ్య ఉంటుంది, హంబకర్ 7 నుంచి 9. అంతులేని రెసిస్టెన్స్ చూపిస్తే కాయిల్ తీగ తెగింది. ఉండాల్సినదానికంటే బాగా తక్కువైతే లోపల చుట్లు ఒకదానికొకటి కలిసిపోయాయి. తెగిన కాయిల్ నుంచి కూడా సన్నగా, పీలగా సౌండ్ వస్తుంది, దాన్నే చాలామంది మాగ్నెట్ పోయిందనుకుంటారు. ఎత్తు కూడా చూడండి. చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కిపట్టి, కడ్డీ పై నుంచి తీగ అడుగుకి మందం తీగ వైపు సుమారు 2.4, సన్న తీగ వైపు 2 మిల్లీమీటర్లు ఉంటే మంచి ఆరంభం. స్ప్రింగులు, రబ్బరు గొట్టాలు వదులై పికప్ మెల్లగా కిందికి దిగడం పాత గిటార్లలో మామూలే.

కాయిల్ బాగుంది, ఎత్తు బాగుంది, అయినా ఒకటి రెండు తీగలే వెనకబడితే అప్పుడు మాగ్నెట్‌ని అనుమానించండి. గాస్ మీటర్ ఉంటే కడ్డీ తలపైన కొలవండి, అల్నికో 5 స్ట్రాట్ పికప్ 1,000కి అటూ ఇటూగా ఉంటుంది. అల్నికో 2, 3 ఇంకా తక్కువ ఉంటాయి, వాటి గుణమే అది, లోపం కాదు. మీటర్ లేకపోతే ఒక చిన్న స్క్రూని ఒక్కో కడ్డీకి తగిలించి లాగి చూడండి. ఆరింట్లో ఏది బలహీనమో చేతికే తెలుస్తుంది. ఫోన్ యాప్‌తో తాకించి కొలవకండి, ఫోన్ సెన్సర్ అంత బలమైన క్షేత్రాన్ని కొలవలేదు.

నిజంగా తగ్గితే రీఛార్జ్ సులువే. రెండు పెద్ద నియోడిమియం దిమ్మెల్ని ఆకర్షించుకునే దిశలో వైస్‌లో ఎదురెదురుగా బిగించి, కడ్డీలు దూరేంత సందు ఉంచి, పికప్‌ని ఒక పక్క నుంచి దూర్చి నేరుగా అటు పక్కకి తీసేయడమే. తిప్పకూడదు, వంచకూడదు. కానీ ఇంట్లో మొదటిసారి చేయవద్దనే నా సలహా. ఆ దిమ్మెలు వేళ్లని నలిపేస్తాయి, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఆ గదిలోనే ఉండకూడదు. ఇంకా ముఖ్యంగా, ధ్రువం తారుమారైతే పని రెట్టింపవుతుంది. చాలా మూడు పికప్స్ గిటార్లలో మధ్యది కావాలనే తలకిందుల ధ్రువంతో, తలకిందుల చుట్టుతో చేస్తారు, రెండు పికప్స్ కలిపి వాడినప్పుడు హమ్ పోవడానికి. దాన్ని మిగతావాటిలాగే ఛార్జ్ చేస్తే హమ్ అలాగే రద్దవుతుంది కానీ రెండూ కలిపినప్పుడు సౌండ్ ఫేజ్ తిరగబడి, బోలుగా, ముక్కుతో పాడినట్టు వస్తుంది. ఛార్జ్ చేసే ముందు దిక్సూచిని కాస్త దూరంలో పెట్టి పైన ఏ ధ్రువముందో ప్రతి పికప్ మీదా రాసుకోవాలి. మరీ దగ్గర పెడితే దిక్సూచి ముల్లే తిరగబడుతుంది.

1950, 60ల నాటి అసలు పికప్స్ ఎవరి దగ్గరైనా ఉంటే, అన్ని కడ్డీలూ సమానంగా కొద్దిగా తక్కువ చూపించినా, దయచేసి వాటిని ముట్టుకోవద్దు. ఆ మెత్తటి స్వరం కోసమే కొత్త పికప్స్ చేసేవాళ్లు కావాలని మాగ్నెట్ బలం దించి అమ్ముతున్నారు. ఎక్కువ బలం ఎప్పుడూ మంచిదేం కాదు. మరీ బలంగా లాగితే మందం తీగలు పై ఫ్రెట్స్‌లో శ్రుతి తప్పి వణికినట్టు వినిపిస్తాయి.

మీరు ముందు కేబుల్, జాక్, పాట్ చూడండి. ఆ తర్వాత మూడు పికప్స్ రెసిస్టెన్స్ విడివిడిగా కొలవండి, వోల్యూమ్ పాట్ నుంచి వైర్లు విడదీసి కొలిస్తే అంకె కచ్చితంగా వస్తుంది. ఆ మూడు అంకెలు, ఏ తీగలు తక్కువగా వినిపిస్తున్నాయో రాయండి, అప్పుడు ఏ పికప్ విప్పాలో, అసలు విప్పాలో లేదో చెప్తాను. డబ్బాలోవి మాత్రం ఇవాళే తీసి విడివిడిగా చుట్టండి.